పైడిరాజు మూడు డబ్బాలు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో లోకో పైలట్ పైడిరాజు క్వార్టరు. ఆదివారం మధ్యాహ్నం. ఆయన ప్రాణం సగం ఇంజన్లో, సగం ఫ్రిడ్జ్‌లో ఉంటుంది. తెల్లారితే రైల్వే మెడికల్ పరీక్ష. కూతురు తనూజ ఫ్రిడ్జ్ తలుపు బార్లా తీసింది. ఆయన తల్లి అప్పలనర్సమ్మ పీట వేసుకుని తమాషా చూస్తోంది.

“నాన్నా, హటో, పక్కకి జరుగు. ఈ డబ్బాలు మూడూ ఇప్పుడే చెత్తబండిలోకి పోతాయి.”

“ఆగు తల్లీ, ఆగు. ఏటుందో తెలీకుండా పారేస్తావా?”

“మిఠాయే ఉంటది, ఇంకేటుంటది? పోయిన టెస్టులో షుగర్ ఎంతొచ్చింది? రేపూ అంతే వస్తే నిన్ను ఇంజన్ దింపేసి షెడ్‌లో కూర్చోబెడతారు.”

“షెడ్డు మాటెత్తకు! ఇరవైరెండేళ్ళు బండి నడిపినోణ్ణి, కుర్చీలో కూకుని రిజిస్టర్ రాయమంటావా?”

“అందుకే తప్పుకోమంటున్నా. ముందిది చెప్పు, ఆవకాయ జాడీ ఫ్రిడ్జ్‌లో ఎందుకు?”

“ఈ ఊరి ఎండలకి రంగు దిగిపోద్ది.”

“అప్పడాలు? అప్పడాలు ఎవరైనా ఫ్రిడ్జ్‌లో పెడతారా?”

“బయట పెడితే మీ అమ్మ వేయించేస్తది.”

“ఎండు రొయ్యలకి మూడు కవర్లా?”

“పక్క క్వార్టరోళ్ళు శాకాహారులు తల్లీ. వాసన వెళ్ళకూడదు. మర్యాద.”

“అచ్ఛా, మర్యాద! మరి ఈ స్టీలు డబ్బాల మీద చీటీలు తెలుగులో ఎందుకు రాశావ్? అమ్మకీ చదవడం రాదు, నాకూ రాదు, అందుకేనా?”

“మాతృభాష తల్లీ... మర్చిపోకూడదని.”

“నాయనమ్మా, ఇలా రా. ఈ చీటీ చదువు.”

“నానా? నా కళ్ళజోడేదే... ఆఁ. మెంతిపొడి.”

“చూశావా తల్లీ? మా అమ్మ అబద్ధమాడదు.”

“ఇది, నాయనమ్మా?”

“ఉలవలు.”

“ఉలవలు! సుగరుకి మందు!”

“నువ్వాగు నాన్నా. ఈ పెద్దది?”

“ఎండు కాకరకాయ ముక్కలు.”

“విన్నావుగా? ఇంక తలుపు ముయ్యి తల్లీ, చల్లదనం పోతంది.”

“ఏక్ మినిట్. నాయనమ్మా, మొన్న బ్యాంకులో పింఛను కాగితం మీద వేలిముద్ర ఎవరు వేశారు?”

“నానే ఏసాను.”

“సంతకం ఎందుకు పెట్టలేదు?”

“రాదు గదే.”

“సంతకం రాని మనిషి చీటీలు ఎలా చదివిందంట?”

“అమ్మా, నువ్వూరుకో. తల్లీ, నిజం చెప్పేస్తాను. ఒకదాంట్లో మాడుగుల హల్వా. ఒకదాంట్లో నాగపూర్ నారింజ బర్ఫీ. పెద్దదాంట్లో బెల్తరా ఊరి నుంచి మా అసిస్టెంటు మనీష్ వాళ్ళమ్మ చేసి పంపిన ఖుర్మీలు, బెల్లం మిఠాయి. ఆ టెస్టయ్యి నలభై రోజులైంది, ఒక్క ముక్క ముట్టలేదు. ఒట్టు.”

“ముట్టనప్పుడు దాచడం ఎందుకు?”

“మెడికల్ పాసైతే తిందామని. డ్యూటీ దిగొచ్చాక ఒక్కో డబ్బా ఎత్తి చూసుకుంటాను. బరువుందా, ఉంది. అంతే, మనసు కుదుటపడిపోద్ది.”

“మూత తియ్యవా?”

“తీస్తే ఆగలేను తల్లీ.”

“అయితే నేను తీస్తా... అరే! నాన్నా, ఇది మెంతిపొడే.”

“ఏటీ?”

“ఇవి ఉలవలే. ఇది కాకరకాయే!”

“అమ్మా! నా హల్వా ఏదమ్మా? నా బర్ఫీ ఏదమ్మా?”

“అరవకురా పైడీ. చీటీలో ఏటుందో నాకు తెల్దు గానీ, డబ్బాలో ఏటుందో తెలుసు. నానే పోసాను. బరువు తగ్గితే నీకు తెలిసిపోద్దని.”

“మరి మిఠాయంతా?”

“తినీసాను.”

“మూడు డబ్బాలూనా! నీకూ షుగర్ ఉంది కదా నాయనమ్మా!”

“ఉంటే ఉండనీయే. ఆడు తింటే ఇంజన్ దింపీస్తారు. నన్ను దేన్నుంచి దింపుతారే?”