రెండు అడ్డగీతల తర్వాత

ఉదయం ఆఫీసులో ఇద్దరూ ఒకే కంప్యూటర్ తెర ముందు కూర్చున్నారు. పక్కనే మాస్టారి కుర్చీ పదకొండు రోజులుగా ఖాళీగా ఉంది.

“ఉద్యోగుల పేజీలో మాస్టారి ఫొటో చుట్టూ పనిలో ఉన్నట్టు ఇంకా పచ్చ రంగే ఉందక్కా. కోడ్‌లో ఆ ఫొటోకి ఉన్న క్లాసు పేరు మారిస్తేగాని ఆ రంగు పోదు.”

“మార్చు. ఆ పేర్లు కట్టే టూలు ఆయన రాసిందే కదా. అడిగినవి నింపుకుంటూ పో.”

“నింపాను. ‘కార్డు__ఫొటో--’ అని చివరి రెండు అడ్డగీతల దాకా వచ్చి ఆగింది. ఇప్పుడు స్థితి అడుగుతోంది. మూడే ఉన్నాయి. పనిలో, సెలవు, తొలగింపు.”

“తెలుగులోనే పెట్టారు చూడు. బ్రౌజర్‌కి ఏ భాషైనా ఒకటేనని మనందరితో పోట్లాడి మరీ.”

“తొలగింపు కొట్టనా?”

“కొడితే ఏమవుతుంది?”

“ఫొటో మాయమవుతుంది. ఆ చోట ఖాళీ డబ్బా మిగుల్తుంది.”

“వద్దు.”

“పోనీ, నాలుగో మాట ఒకటి కలపనా?”

“కలపకు. ఉన్న మాట సరిపోతుంటే కొత్తది పుట్టించొద్దని ఆయన ఎన్నిసార్లు చెప్పుంటారు?”

“ఉన్నవాటిలో ఏది సరిపోతుందక్కా?”

“సెలవు పెడితే?”

“రంగు పోయి ఫొటో బూడిదరంగులోకి మారుతుంది. పేరు అలాగే ఉంటుంది. కానీ సెలవంటే మళ్ళీ వస్తారనుకుంటారు కదా.”

“ఆస్పత్రిలో ఆఖరిసారి నీ చెయ్యి పట్టుకుని ఏమన్నారు?”



“‘ఇక సెలవురా’ అన్నారు.”

“అదే కొట్టు.”