సగానికి కోసిన అంచనా

ఈ టీ కొట్టు బల్ల మీద కూర్చో అమ్మాయ్, ముందు టీ తాగు. ఆ ముఖం ఏంటి, పిండి ఆరేసిన గుడ్డలాగా? నువ్వు ఆరు నెలలు అన్నావు, నేను మూడే అని పొద్దున్నే కస్టమర్‌కి మాటిచ్చేశాను. అంతేగా? దుకాణాల్లో బిల్లులు కొట్టే ప్రోగ్రామ్, దాని కొత్త వెర్షన్ విడుదలకి ఆరు నెలలట. ఇల్లు కడుతున్నావా ఏంటి? అంచనాలు వేసే మీ జాతిని నేను పుట్టకముందు నుంచీ చూస్తున్నాను.

నేను మన ఆఫీసుకి మేనేజరుగా వచ్చిన కొత్తల్లో, నీ సీట్లో ఒక పెద్దమనిషి ఉండేవాడు. నాలుగు నెలల పని సార్ అని ఏడుపు ముఖంతో వచ్చాడు. నేను కాగితం చదవను కూడా లేదు. సగానికి కొట్టేసి, రెండు నెలల్లో విడుదల చెయ్యి అన్నాను. చచ్చినట్టు చేశాడు. అదిగో, ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే మన టెస్టరమ్మని అడుగు, అప్పుడూ ఉంది ఆవిడ.

"ఉన్నానండీ. రెండు నెలల్లోనే అయింది," అంది టెస్టరమ్మ టీ ఊదుకుంటూ.

విన్నావా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చెయ్యి ఊరుకోలేదు. తర్వాతి విడుదలకి సగంలో సగం కోశాను. ప్రోగ్రామర్లు భోజనానికి లేచి వచ్చేసరికి పని దానంతటదే అయిపోయి ఉండేది. కీబోర్డులు ఎంత కాలిపోయేవంటే, వాటి మీదే టీ కాచుకునేవాళ్లం.

"అందుకా ఆ ఏడు నా కొట్టుకి ఎవరూ రాలేదు," అన్నాడు టీ కొట్టాయన.

నువ్వు టీ చూసుకోవయ్యా, పొంగుతోంది. ఆ పై ఏడు మరీ చోద్యం. కోసీ కోసీ అంచనా సున్నాకి వచ్చింది. నేను ఆగితేగా? ఇంకో సగం కోశాను, సున్నా దాటి కిందికి పోయింది.

"సగం కోస్తే సున్నా కిందికి ఎలా పోతుంది సార్?" అంది అమ్మాయి నెమ్మదిగా.

నువ్వు కోస్తే పోదు, నేను కోస్తే పోతుంది. మొదలుపెట్టకముందే విడుదలైపోయింది తల్లీ. అయ్యా, మాకేం కావాలో మేమింకా చెప్పనేలేదు, అప్పుడే వచ్చేసిందేంటని కస్టమర్ లబోదిబోమన్నాడు. మిగిలిపోయిన నెలలు ఏం చేసుకోవాలో తెలియక పక్క డిపార్ట్‌మెంటుకి అరువిచ్చాం. వాళ్లు వాటితో, ఇంకా చెయ్యని తప్పులు కూడా ముందే దిద్దేసుకున్నారు. ఇప్పుడు చెప్పు, నేను కోసిన అంచనా ఒక్కటైనా తప్పిందా? మీరంతా ఒళ్లు దాచుకునే బాపతు. ఏడుపు మాని వెళ్లి పని చూసుకో.

అమ్మాయి గ్లాసు కింద పెట్టింది. "నేనేమీ ఎక్కువ వెయ్యలేదు సార్. అందరితో కూర్చుని, ఒక్కొక్క పనీ విడదీసి లెక్కేశాను. మూడు నెలల్లో కాకపోతే తప్పు నాదే అంటారు."

"అక్కడే దెబ్బతిన్నావమ్మా," అంది టెస్టరమ్మ. తర్వాత మేనేజరు వైపు తిరిగింది. "మీరు సగం కోస్తారని మీరు రాకముందే ఆఫీసంతటికీ తెలిసిపోయిందండీ. అందుకే రెండు నెలల పనిని నాలుగని రాసిచ్చేవాళ్లం. మీరు సగంలో సగానికి దిగుతారని పసిగట్టి, నాలుగింతలు రాశాం. మీ కత్తి ఇన్నాళ్లూ అసలు పనిని తాకనే లేదు. ఈ అమ్మాయి కొత్తది, నిజం రాసింది."

ఆయన టెస్టరమ్మ వైపు జరిగాడు.

"అంటే, మూడు నెలలకి?"

"సగం ప్రోగ్రామ్ ఉంటుందండీ. బిల్లు కొట్టే సగం కావాలో, దాన్ని కూడే సగం కావాలో, కస్టమర్‌ని మీరే అడిగి చెప్పండి."