కుర్చీలో బూరుగుదూది

వట్లూరులో హెన్రీ మాస్టారి వరండా. మాస్టారు లోపల గదిలో నడుం వాల్చారు. సోఫాలు కుట్టే ఇస్సాకు మెట్టెక్కకముందే మాట అందుకున్నాడు, మాస్టారి భార్య మరియమ్మగారు ఇంకా చెయ్యైనా తుడుచుకోలేదు.

“ముందా బిల్లు ఇలా తెండమ్మా. తప్పు రాశానండీ.”

“మెల్లిగా, ఇస్సాకూ! ఇప్పుడే పడుకున్నారు. ఏ బిల్లు?”

“మాస్టారి కుర్చీదండీ. కొత్త స్పాంజి అని రాశాను కదండీ? లోపల... లోపల స్పాంజి లేదండీ.”

“లేదా?”

“పైన రెక్సిన్ ఒక్కటే కొత్తదండీ. లోపల పాత బూరుగుదూదే. ఇదిగోండి స్పాంజి డబ్బులు. ఏది వేశానో, ఏది వెయ్యలేదో విడివిడిగా మళ్ళీ రాసి తెచ్చాను. తిట్టండి, పడతాను.”

“పాత దూదే? నిజంగా?”

“కుట్టు విప్పి చూపించమంటారా?”

“వద్దొద్దు! విప్పకు. కూర్చో. కాఫీ తాగుతావా?”

“తిట్టమంటే కాఫీ అంటారేంటండీ!”

“నిన్ను తిట్టే నోరా నాయనా నాది? ఆ దూది మండవల్లిలో మా అత్తగారు గింజగింజా ఏరి నింపింది. ప్రాణం పోయినా తియ్యొద్దన్నారాయన. గడ్డలు కట్టి ఆయన నడుం పట్టేస్తోందని, ఆయన చర్చికెళ్ళినప్పుడు చూసి నీ రిక్షా ఎక్కించేశాను. పారేసి స్పాంజి పెట్టమన్నాను.”

“తెలుసండీ... అంటే, మీరే చెప్పారు కదండీ.”

“ఆయనతో మాత్రం నువ్వు పాతదే ఉంచావన్నాను. రోజూ ప్రార్థన అయ్యాక కుర్చీ చెయ్యి నిమురుతూ అడుగుతారు, ‘మరియా, అమ్మ దూదేనా?’ అని. ‘అదేనండీ’ అంటాను. అప్పుడే కదా ఆమెన్ అన్న నోరు! ముద్ద దిగట్లేదు నాకు.”

“మీరన్నది నిజమే అయింది కదండీ ఇప్పుడు!”

“నీ మోసం వల్ల అయింది. నేను అబద్ధమనుకునే చెప్పాగా? ఆయన లేవగానే చెప్పేస్తాను... ఆగాగు. ఇన్ని నెలలు లేనిది, ఇవాళే నీకెందుకు గుర్తొచ్చిందయ్యా?”

“అది... ఊరికేనండీ.”

“ఇస్సాకూ!”

“తప్పు నామీదే వేసుకోమన్నారండీ.”

“ఎవరు?”

“మాస్టారేనండీ. ఆ రోజు చర్చి నుంచి వస్తూ నా రిక్షాలో కుర్చీ చూసి, సరాసరి నా కొట్టుకి వచ్చారు. దూది కదపొద్దు, బిల్లులో మాత్రం స్పాంజని రాసెయ్, ఆవిడ ముచ్చట ఆవిడది అన్నారు. పొద్దున్న ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారండీ. ‘మరియ ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుందామని రోజూ అడుగుతున్నాను ఇస్సాకూ. అది ఒప్పుకోదు, తిండి మానేసింది. నాకేమో నోరు రావట్లేదు. నువ్వే వెళ్ళి బిల్లు సరిగ్గా రాసిచ్చి రా’ అన్నారండీ.”