కాళ్ళున్న నాగేంద్రుడు

“అమ్మమ్మా, ఈ బొమ్మలో ఉన్నదేటో తెలుసా? డైనోసార్!”

తెలుసే గుంటా. నీ పుస్తకంలోకి రాకముందే నాను దానికి పాలు పోసాను. నవ్వకు, ఇను.

మీ అమ్మ అప్పటికింకా పుట్టలేదు. నాకు పెళ్ళయి ఆరేళ్ళు... కాదు, ఏడు. ఈ కలకత్తా వాట్‌గంజ్ గల్లీలోనే. మా అత్త ఏటనేదంటే, నాను చిన్నప్పుడు పాముని సంపుంటాను, ఆ దోషానికే కడుపు పండలేదని. సంపానో లేదో నాకే గుర్తు లేదు, ఆవిడకి గుర్తుంది. ఈ నాగులచవితికి మొక్కుకో, ఏడాది తిరిగేలోగా నెల తప్పకపోతే మా ఊర్నించి ఇంకో పిల్లని తెస్తానంది. మీ తాత పక్కనే కూకుని మరమరాలు తింటన్నాడు.

ఇక్కడ పుట్టలెక్కడివి సెప్పు? ఏటా గంగమట్టి తెచ్చి చిన్న పుట్ట కట్టుకునేవోళ్ళం. ఆ ఏడు దుర్గాపూజకి క్లబ్బు కుర్రోళ్ళు గడ్డీ మట్టీ పెట్టి మండపంలో జనాన్ని లాగడానికని ఓ పెద్ద జంతువుని సేసారు. తాటిసెట్టంత మెడ, ఈ మూల నుంచి ఆ మూలదాకా తోక. అమ్మోరిని గంగలో కలిపేసారు గానీ దాన్ని గోడకి ఆనించి వొదిలేసారు. చవితి నాటికి పొట్టకి కన్నం పడి సెదలు పట్టింది. అమ్మోరి పక్కన నిలబెట్టారంటే దేవుడు కాకపోతే ఏటి, నాగేంద్రుడే ఒచ్చాడంది అత్త. మరి కాళ్ళున్నాయేటి అన్నాను. కలకత్తాలో ఉంటాయేమోలే అంది.

గల్లీ ఆడోళ్ళందరం చలిమిడీ చిమ్మిలీ పెట్టి కన్నంలో పాలు పోసాం. నాను కళ్ళు మూసుకుని మొక్కుతుంటే ఆ క్లబ్బు కుర్రోళ్ళ పెద్ద ఒచ్చి ఒకటే నవ్వు. బౌదీ, అంటే వొదినా, అది డైనోసార్, మనుషులు పుట్టకముందే సచ్చిపోయిందన్నాడు.

సచ్చినదానికి మొక్కితే దోషం పోయినట్టా, పెరిగినట్టా? అత్తకీ తెలీదు, నాకూ తెలీదు. పంతులుగార్ని అడిగితే శాస్త్రంలో ఆ పాము లేదన్నారు. ఇంటికొచ్చాం. ఆ తికమకలోనే నోరు జారిందనుకో.

“అత్తా, నాను సంపిన పాముని ఎవురూ సూళ్ళేదు. ఓడల డాకులో పనికెళ్ళి దుంగల సందున మీ కొడుకు సంపిన పాముల గురించి రోజూ ఆయనే సెప్తాడు గదా. మరి దోషం ఎవురిది?”

మీ తాత సేతిలో మరమరాలు సేతిలోనే ఉండిపోయాయి. ఆనక అత్త, పై చవితికి మళ్ళీ సేద్దాం, అప్పుడు పాలు వాడు పోస్తాడు, అందాకా ఇంకో పిల్ల మాట లేదంది.

పై చవితికి మట్టిపుట్టలో మీ తాతే పాలు పోసాడు. అప్పటికే మీ అమ్మ నా కడుపులో ఉంది. ఎవురి దయో ఇప్పటికీ తెలీదు. మొక్కు తీర్చాలంటే ఎవురికి? పాముకా, సచ్చిపోయినదానికా... మ్యూజియంలో దాని ఎముకలుంటాయంటారు, అక్కడ కొబ్బరికాయ కొట్టనిస్తారేటి?

నవ్వు, నవ్వు. సల్లగా ఉండు నా తల్లి. సెయ్యని దోషం నీ నెత్తిన ఎవురైనా పెడితే మాత్రం నాలాగ ఏడేళ్ళు ఆగకు. ఏదీ, ఆ పేజీ ఇటు తిప్పు. ఆవేళ కళ్ళు మూసుకున్నాను గదా, మొహం సరిగ్గా సూళ్ళేదు...