విప్పరాని సీలు

సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్ఖానా. ఎండాకాలం, పగలు మూడు గంటలు. సేటు శ్రీహరి ఎదుట, లోడింగు పనిచేసే సమ్మయ్య భార్య హేమలత నిలబడి ఉంది.

“మా ఆయన చెప్పులు గీడనే ఉన్నయి గద అన్నా. చెప్పులల్ల ఫోన్ గూడ పెట్టి పోయిండు.”

“ఉంటే? కల్లుకు పోయిండేమో.”

“అంజన్న మీద ఒట్టేసి బందువెట్టి రెండేండ్లాయె.”

“ఒట్టు... మొగోళ్ల ఒట్టు!”

“పొద్దుగాల మీరే అన్నరంట. మొదటిసారి మన మాలు ఓడెక్కుతాంది, కంటైనర్ లోపలికి పోయి మొదటి బట్టల బేలుకు పసుపు కుంకుమ పెట్టిరాపో అని.”

“అన్న. పెట్టిండు, అచ్చిండు.”

“అచ్చిండా? మీరు జూసిండ్రా?”

“రాక ఏడికి పోతడు చెల్లె?”

“తలుపేసిన రాజనర్సు సూడలేదంట. సూడకుంటనే సీలేసిండంట.”

“వానికేం తెలుసు.”

“ఒక్కసారి డ్రైవర్‌కు ఫోన్ కొట్టుండ్రి. బండాపి కంటైనర్ తలుపు తీస్తడు. ఉంటే ఉంటడు, లేకుంటే లేడు.”

“నీ ఇంటి తలుపా తీసుటానికి? గా సీలుల చిప్పున్నది. బ్లాక్‌చైన్ అంటరు. దారిల విప్పితే ఓడోళ్లకు, పోర్టోళ్లకు, అవుతల కొనేటోళ్లకు, అందరి కంప్యూటర్లల్ల ఒక్కపారే పడుతది. సీలు విప్పిండ్రు అని.”

“పడనియ్యుండ్రి. మళ్ల తుడిపియ్యుండ్రి.”

“తుడుసుడు ఎవ్వలి తరం గాదు. బ్రహ్మరాత లెక్క.”

“బ్రహ్మరాతయినా మొక్కుకుంటే జరంత మారుతదంటరు గదన్నా.”

“దీనికి మొక్కుల్లేవు.”

“లోపల మనిషున్నడు, అందుకే విప్పినం అని గూడ రాయరాదా?”

“అండ్ల అట్ల రాసేటి జాగ లేదు. మాలు, బరువు, వేడి. గంతే.”

“వేడి గూడ రాస్తదా? ఇప్పుడెంతున్నది?”

“...నా ఫోన్లయితే యాభై ఆరు డిగ్రీలు సూపెడుతాంది.”

“అయ్యో! అన్నా! పోలీసులకన్న...”

“ఊకో. లోపలున్నడని నీకెవలు చెప్పిండ్రు? ఈ ఓడ తప్పితే ఆర్డర్ పోతది. రెండు వందల మగ్గాలు బందు. నీ ఒక్కదాని అనుమానానికి గిన్ని ఇండ్లల్ల పొయ్యి ఆర్పుమంటవా?”

“అనుమానం గాదు, ఉన్నడు అని తెలిస్తే విప్పుతరా?”

“తెలిస్తే ఎందుకు విప్ప?”

“మరి గా మీ ఫోన్లనే సూడుండ్రి. అన్ని రాస్తదంటిరి గద. లోపల ఏమన్న మెసిలితే రాయదా?”

“రాస్తది.”

“ఏం రాసింది?”

“ఏదో ఒకటి రాస్తది తియ్యి. ఇంటికి పో.”

“ఏం రాసింది అన్నా?”

“...తొమ్మిదిన్నరకు సీలేసినప్పటి నుంచి, లోపల మాలు కదులుతాంది, కదులుతాంది అని రాసుకుంటనే అచ్చింది.”

“పొద్దటి నుంచి... సూస్కుంటనే... మీ కాళ్లు మొక్కుత, ఇప్పుడన్న ఫోన్ కొట్టుండ్రి!”

“ఇప్పుడెందుకు చెల్లె? ఒంటిగంట నుంచి మాలు కదులుతలేదనే రాస్తాంది.”