నలభై దీవెనలు తాగిన ఇంజను

ఈ సభను ఓపికగా నడుపుతున్న మా మత్స్యకారుల సంఘం అధ్యక్షురాలు బిబిగుల్ గారికి, ముందు వరుసలో అప్పుడే కునుకు తీస్తున్న నుర్పెయిస్ తాతకి, బల్ఖాష్ సరస్సు తూర్పు గట్టున నాతో కలిసి వలలు లాగే మిత్రులందరికీ, పొయ్యి దగ్గరనుంచి నన్నే చూస్తున్న నా భార్య కుల్యాష్‌కి, ఇవాళ పనినుంచి విరమిస్తున్న మా మెకానిక్ ఒరిన్‌బాయ్ అన్నకి నమస్కారాలు.

అన్నని ముప్ఫై నాలుగేళ్ళ సేవకి పొగుడుదామని నిన్న కూర్చుని నాలుగు పేజీలు రాసుకున్నాను. పొద్దున్నే చూపిస్తే, ఆ కాగితాలతో చేతికంటిన గ్రీజు తుడుచుకున్నాడు. (నవ్వులు) "పొగడ్తలొద్దు తులెగెన్. సన్మానపు చపాన్ అంగీ కూడా తర్వాతే కప్పు. ముందు ఆ సంగతి చెప్పు. చెప్పకపోతే భోజనానికి ఉండను" అన్నాడు. పొట్టేలు ఇప్పటికే ఉడుకుతోంది, మరి నాకు దారేదీ?

పదకొండేళ్ళ కిందట నౌరుజ్ పండక్కి ముందు మన పడవ దళానికి కొత్త డీజిల్ ఇంజను వచ్చింది కదా, గుర్తుందా? సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది, పడవ గట్టు మీదే ఉంది. దళనాయకుణ్ణి కాబట్టి తాళంచెవి నా జేబులో ఉంది. పండక్కి ఎవరొచ్చినా, ముందు ఇంజను చూసి దీవించి అప్పుడు టీ తాగండని నేనే తీసుకెళ్ళేవాణ్ణి. మూగగా పడున్న దాన్ని ఏం దీవిస్తామని పెద్దలంటే, ఇంజను చల్లబరచడానికి పీపాలో సరస్సు నీళ్ళు పోసి, గొట్టం తగిలించి, స్టార్ట్ చేసేవాణ్ణి. రెండు నిమిషాలు. డీజిలు ఖర్చవుతుందని వెంటనే ఆపేసేవాణ్ణి. నుర్పెయిస్ తాత ఒక్కరే ఐదుసార్లు దీవించారు. (తాత లేచారు. నవ్వులు) మీరు కూర్చోండి తాతా, తప్పు మీది కాదు.

మంచు కరగడానికి వారం ఉందనగా మూత తీసి చూస్తే, ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంది! నీళ్ళు కలిశాయన్నమాట. వెంటనే నా బావమరిది సెర్జాన్ మీద పడ్డాను. అప్పట్లో మా పడవలో ఇంజను చూసుకునేది అతనే. "చినుకుల్లో మూత తీసి వదిలేశావు. నీళ్ళు పోశావు కదరా ఇంజన్లో!" అని నలుగురిలో కేకలేశాను. "నేను దాన్ని ముట్టుకోలేదు బావా" అంటే వినలేదు. పడవ దిగిపొమ్మన్నాను. ఇంజను విప్పడానికి పట్నం పంపితే ఆ ఏడు చేపల వేట మొత్తం పోతుంది. మరి ఎవరిమీదో ఒకరిమీద కోప్పడాలి కదా!

ఒరిన్‌బాయ్ అన్న వచ్చి నేరుగా మా వంటింట్లోకి వెళ్ళాడు. కుల్యాష్ బౌర్సాకు రొట్టెలు వేయించే పెనం కాలుతోంది. దాని మీద ఒక్క చుక్క ఆయిలు వేశాడు. చిటచిటలాడింది. "నీళ్ళున్నాయి" అన్నాడు. "మీ తలకాయుంది! ఆ పెనం ఇక ఎవరు తోముతారు?" అంది కుల్యాష్. (నవ్వులు) అది ఇప్పటికీ తోముతూనే ఉంది.

తర్వాత ఇంజను అడుగు బిరడా కొద్దిగా వదులు చేసి, ముందు కారింది సీసాలో పట్టి, ఒక రాత్రంతా పొయ్యి పక్కన ఉంచాడు. తెల్లారేసరికి అడుగున కాసిని నీళ్ళు తేరాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, ఉమ్మేసి, "ఉప్పగా లేవు" అన్నాడు. మన తూర్పు గట్టున సరస్సు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇంజను పగిలి లోపలికి కారితే ఆ ఉప్పు తగలాలి. ఉప్పు లేదంటే పగల్లేదన్నమాట!

నేను ఎగిరి గంతేశాను. అన్న గంతెయ్యలేదు. నన్ను పడవ వెనక్కి తీసుకెళ్ళి, "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు.

"నా దగ్గరే."

"ఎన్నిసార్లు తిప్పావు?"

"నలభైసార్లు ఉంటుందేమో. దీవెనలకి అన్నా!"

"ఈ చలిలో చినుకులెక్కడివి? చల్లటి ఇనుము లోపల తడి పడుతుంది. ఇంజను బాగా కాగితే ఆవిరై పోతుంది. నువ్వు కాగనిచ్చావా? దీవెనలు గాల్లోకి, నీళ్ళు ఆయిల్లోకి."

ఆయిలు మార్చి, గంటసేపు నడిపి, మళ్ళీ మార్చాడు. మంచు విరిగిన రోజే వేటకి వెళ్ళాం. "సెర్జాన్ తప్పేమీ లేదు, వాతావరణం" అని అందరికీ చెప్పాడు. నాకు మాత్రం, "నీ నోటితో నువ్వే చెప్పు" అన్నాడు. నేను చెప్పలేదు. సెర్జాన్‌ని పడవ ఎక్కించుకున్నాను, అంతే. కానీ ఊళ్ళో అతని పేరు 'నీళ్ళ సెర్జాన్' అయిపోయింది. అతని పెళ్ళిలో కూడా ఎవరో ఆ పేరుతోనే పిలిచారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రేపటినుంచి అన్న స్థానంలో మెకానిక్ సెర్జానే. "నీళ్ళ సెర్జాన్ చేతికి ఇంజన్లా?" అని వెనక బెంచీలో గొణుగుతున్నవాళ్ళు వినండి. నీళ్ళు పోసింది నేను. సెర్జాన్, నన్ను క్షమించు. కుల్యాష్, నువ్వూ క్షమించు. పెనం సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం.

గట్టున నిన్న వచ్చిన కొత్త ఇంజను ఉంది. అధ్యక్షురాలికి, పెద్దలకి, వంటవాళ్ళకి కృతజ్ఞతలు. అన్నా, ఇక చపాన్ కప్పనిస్తావా? సెర్జాన్, ఇదిగో తాళంచెవి, దీన్ని నా జేబులోకి మళ్ళీ రానివ్వకు. వెళ్ళి స్టార్ట్ చెయ్యి. నుర్పెయిస్ తాతా, దీవిద్దురుగాని, కానీ భోంచేశాక. అది కాగేదాకా మిమ్మల్ని నేను పట్టుకుంటాను. సెలవు.