పేరు పక్కన రాసిన మాట

చెప్పు, ఏం చూశావ్? ఆ పుస్తకంలో ఏం చూశావో నీ నోటితోనే చెప్పు.

ఆహా, ఏమీ చూడలేదా! మరి టీ మీద మీగడ కట్టేదాకా గ్లాసు ముట్టుకోలేదేం? "ఏమీ లేదత్తా" అనేవాళ్ళ మొహం అలా ఉండదమ్మాయ్. అరవై రెండేళ్ళదాన్ని. పదకొండేళ్ళుగా తలుపులు కొడుతున్నాను. తలుపు తీసిన మనిషి మొహం చూసి, సబ్బుపొడి కొంటుందో తలుపు వేసేస్తుందో చెప్పగలను. నీ మొహం చదవలేనా?

తప్పు నాదేలే. నా శాంపిళ్ళ సంచి పట్టీ తెగితే మేడ మీదికి తీసుకెళ్ళి కుట్టి తెచ్చావ్. కూలి ఇస్తానంటే "చాల్లే అత్తా" అన్నావ్. నువ్వు నీ కొత్త ఫోను నంబరు రాసిస్తానంటే, "బీరువాలో పెన్ను ఉంది తీసుకో" అని నేనే చెప్పి టీ పెట్టడానికి వెళ్ళాను. పెన్ను ఎక్కడుంటుంది? ఆ పుస్తకం మధ్యలోనే ఉంటుంది. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

కూర్చో. లేవకు. విని వెళ్ళు.

దాన్ని వంద పేర్ల పుస్తకం అంటారు. మా సబ్బుల కంపెనీలో చేరిన రోజే చేతిలో పెడతారు. తెలిసిన వందమంది పేర్లు రాయాలి. చుట్టాలు, పక్కింటివాళ్ళు, బడిలో కలిసి చదువుకున్నవాళ్ళు, ఎవరైనా సరే. పేరు పక్కన వాళ్ళకి ఏం తక్కువో రాయాలి. "లోటు తెలిస్తే తలుపు తెరుచుకుంటుంది" అని నన్ను చేర్చిన మా మేడమ్ మైకులో చెబుతుంటే చప్పట్లు కొట్టినదాన్ని నేను. అరచేతులు ఎర్రబడేలా కొట్టాను!

మన కింద అమ్మేవాళ్ళుగా చేరితే టిక్కు. కాదంటే గీత.

చూశావుగా, ఎన్ని గీతలో? మొదటి గీత మా ఆడపడుచుది. వాళ్ళ ముందుగదిలో తెల్లగుడ్డ మీద సిరా ఒలకబోసి, మా పొడి వేసి ఉతికి చూపించాను. మరక పోయింది. మరకతో పాటు మా ఆడపడుచు రాకపోకలూ పోయాయి. మేనకోడలు ఫోనెత్తగానే ఏమందో తెలుసా? "అత్తా, పలకరించడానికి చేశావా, అమ్మడానికి చేశావా? ముందది చెప్పెయ్" అంది. నేను పలకరించడానికే చేశాను. ఒట్టు. అయినా సంచిలోకి చెయ్యి పోయింది.

ఆఖరికి వాళ్ళింటి పెళ్ళిలో నేను వెళ్ళి కూర్చుంటే, ఆ వరస వరసంతా లేచి వెనక్కి సర్దుకుంది. కుర్చీలన్నీ నావే! మహారాణిలా కూర్చున్నాను.

పోనీ టిక్కులు పడ్డవాళ్ళైనా మిగిలారా అంటావా? పదకొండు మంది. వాళ్ళ చేత వాళ్ళ చుట్టాల తలుపులు కొట్టించాను కదా, ఇప్పుడు నేను ఎదురైతే రోడ్డు దాటేస్తారు. టిక్కుకీ గీతకీ తేడా ఏముందే?

అదిగో, అద్దానికి అంటించిన కాగితం. రోజూ జుట్టు దువ్వుకుంటూ మూడుసార్లు గట్టిగా చదవాలి. "పన్నెండు మందిని చేరుస్తాను. వేదిక ఎక్కుతాను." చదువుతాను. రోజుకి ఐదు తలుపులు, వానైనా ఎండైనా. మోకాళ్ళు వద్దంటున్నా సరే. ఆదివారం వచ్చిందంటే మాత్రం నువ్వూ రావు, ఆ మూడుసార్లు తప్ప పొద్దుగూకేదాకా ఈ ఇంట్లో ఇంకో మాట వినపడదు. అదీ నా మాటే.

వేదిక మీద ఏముందంటావా? నవ్వకు మరి. పేరు పిలుస్తారు. ఇంటిపేరుతో సహా, మైకులో, అంతమంది ముందు. మీ మావయ్య పోయాక నా పేరు ఎవరి నోట విన్నాను చెప్పు? బ్యాంకులో టోకెన్ నంబరు పిలుస్తారు. వీధిలో "సబ్బుపొడావిడ". నువ్వు అత్తా అంటావ్. రెండేళ్ళుగా నా మేడ మీద ఉంటున్నావ్, నా పేరేంటో నీకు తెలుసా?

తెలీదు కదూ. పర్లేదులే. నేను చెబితే కదా.

ఆదివారం సభ. పన్నెండో మనిషి కావాలి. పుస్తకంలో వందో గడి ఒక్కటే మిగిలింది. నువ్వు ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే ఒట్టు పెట్టుకున్నాను, ఈ పిల్లని మాత్రం రాయకూడదని. రెండేళ్ళు ఆ గడి ఖాళీగానే ఉంచాను. మొన్న రాశాను.

ఏం రాశానో నేనే చదువుతా. "కుట్టుపని. వీధిలో రెడీమేడ్ బట్టల కొట్టు వచ్చాక గిరాకీ లేదు. మొగుడు ఎత్తిపొడుస్తున్నాడు. ఏడుపొస్తే నా దగ్గరికే వస్తుంది. మెత్తగా అడగాలి. గురువారం."

ఇవాళే గురువారం.

అలా చూడకు. తిట్టు, పోనీ ఆ గ్లాసు నా మీద విసురు. అలా మాత్రం చూడకు.

ఒకటి చెబుతాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ మావయ్య పోయి మూడు నెలలు కాలేదు. మా మేడమ్ వచ్చి ఇదిగో, ఈ కుర్చీలోనే, నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. మధ్యలో ఫోనొస్తే మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళింది. ఆవిడ పుస్తకం బల్ల మీద తెరిచే ఉంది. నా పేరు కనపడింది. పక్కన ఏముందంటే, "మొగుడు పోయాడు. ఇల్లు ఖాళీ. మాట్లాడే దిక్కు లేదు. ఎవరడిగినా ఒప్పుకుంటుంది."

కోపం రాలేదా అని అడుగు. నిజం చెప్పనా? సంతోషమేసింది.

అవునే! ఎంతమంది వచ్చారు, ఎంతమంది ధైర్యంగా ఉండమన్నారు! ఈ ఇల్లు ఖాళీ అని ఒక్కరికైనా తట్టిందా? ఆవిడకి తట్టింది. అమ్ముకోడానికే కావచ్చు, కానీ తట్టింది, కాగితం మీద రాసుకుంది. ఆవిడ వరండాలోంచి రాగానే అడగకముందే సంతకం పెట్టేశాను. చదివానని ఇప్పటికీ ఆవిడకి తెలీదు.

నీ పేరు పక్కన రాస్తున్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. అయినా చెయ్యి ఆగలేదు.

ఇదిగో పుస్తకం. నీ పేజీ నువ్వే చింపుకో. ఆదివారం సభ పోతే పోయింది... అబద్ధం. పోతే ఏడుస్తాను. కానీ రేపు మూడింటికి ఎప్పటిలా టీకి దిగే నీ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినపడకపోతే ఏం చెయ్యాలో నాకు ఏ మీటింగులోనూ చెప్పలేదమ్మాయ్.

నా పేరు పక్కన రాసింది చదివాక కూడా నేను ఆ రోజు కదల్లేదు. మరి నువ్వు? వెళ్తావా, కూర్చుంటావా?